పిండి మర మేడ

మాధవపేట మెయిన్ బజారులో గడియార స్తంభానికి ఎదురుగా ఉన్న మేడకు ఒక పేరంటూ లేదు. బొత్తిగా లేదని కాదు, ఉండవలసిన వాటికంటే ఎక్కువే ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, ఒక వ్యాపారం నడుస్తున్నంత కాలం దాని పేరు మాధవపేట జనం నోటికి రాదు. అది మూతపడాలి. బోర్డు దించి, సామాను బండికెత్తి, తలుపుకు తాళం పడ్డాక అప్పుడు ఆ మేడను ఆ పేరుతో పిలవడం మొదలుపెడతారు. మొదలుపెట్టాక ఇక బతికున్నంత కాలం వదలరు.

మేడ కట్టించినాయన అందులో గోళీ సోడాల ఫ్యాక్టరీ పెట్టాడు. అది నడిచినన్నాళ్ళూ జనం దాన్ని ఉప్పు కొట్టు అన్నారు, మేడ కట్టకముందు ఆ జాగాలో ఎవరో ఉప్పు అమ్మేవారట. సోడాలు ఆగిపోయి, యుద్ధకాలంలో రేషను మీద ఇచ్చే కంట్రోలు గుడ్డల డిపో వచ్చాక అది సోడా మేడ అయింది. డిపో ఎత్తేసి నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కంపెనీ వచ్చింది. అప్పుడు నాటకాల వాళ్ళు "కంట్రోలు కొట్టుకెళ్ళి భీముడి గద పట్రండి" అనేవారు. తర్వాత అద్దె సైకిళ్ళ షాపు వస్తే, డ్రెస్సుల కొట్లో గాలి కొట్టించుకున్నారు. క్యాసెట్లలోకి పాటలు ఎక్కించే కొట్టు వస్తే, సైకిలు షాపులో పాటలు ఎక్కించుకున్నారు. ఎస్టీడీ బూత్ వస్తే క్యాసెట్ల కొట్టుకు వెళ్ళి దూరపు చుట్టాలతో ఫోన్లో మాట్లాడారు.

ఈ పేర్లన్నీ ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి. తాత సోడా మేడ అంటాడు, కొడుకు డ్రెస్సుల కొట్టంటాడు, మనవడు క్యాసెట్ల కొట్టంటాడు. ముగ్గురూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకే మేడను చూపిస్తూ మాట్లాడుకుంటారు, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన పోస్ట్‌మాన్ ఒక్కడే కొన్నాళ్ళు చిక్కిపోతాడు.

బూత్‌కు కూడా రోజులు చెల్లాక, నూకరత్నం మామగారు ఆ మేడ కొని కింద పిండి మర పెట్టాడు. ఆయన పోయాక మరను నూకరత్నమే నడుపుతోంది. బెల్టులు బిగించడం, అరిగిన రాళ్ళకు గాట్లు పెట్టడం ఆమె మొగుడు సూర్రావు పని. గిరాకీలతో మాట్లాడటం ఆమె వంతు. ఆ చప్పుడులో ఏళ్ళ తరబడి మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు పెద్దదైపోయింది. గుళ్ళో ఆమె అర్చన చేయించుకుంటే గోత్రం బజారు దాకా వినిపిస్తుంది.

ఊళ్ళో మిక్సీ లేని ఇల్లు లేదు. అయినా ఏడాది కారం, ఆవపిండి, సున్నిపిండి మిక్సీకి లొంగవని మాధవపేట ఆడవాళ్ళ నమ్మకం. సంచులు మోసుకుని మరకే వస్తారు. తమ మిరపకాయల్లో పక్కవాళ్ళ మిరపకాయలు ఎక్కడ కలుస్తాయోనని ఎవరి సంచి దగ్గర వాళ్ళు కాపలా కూర్చుంటారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తుమ్ముతూ ఊరి సంగతులన్నీ అక్కడే తేల్చేస్తారు.

ఇంత చేసినా మరకు పేరు రాలేదు. "బూత్‌కెళ్ళి కారం ఆడించుకురా" అంటారు తప్ప, తలుపు మీద మామగారు ఎర్ర రంగుతో రాయించిన శ్రీ వీరభద్ర పిండి మర అన్న అక్షరాలను చదివిన పుణ్యాత్ముడు లేడు. ఎవరి నోటైనా ఒక్కసారి పిండి మర మేడ అనిపించుకోవాలని నూకరత్నం కోరిక. గొలుసు అడగలేదు, పట్టుచీర అడగలేదు, ఆ ఒక్క మాట కావాలనుకుంది. ఒకనాడు సూర్రావు దగ్గర మనసులో మాట బయటపెట్టింది.

"బతికున్నోడి పేరు మనవడికి పెడతారేటే రత్తం?" అన్నాడు సూర్రావు బేరింగుకు గ్రీజు పెడుతూ. "పోయినోడి పేరే పెడతారు. మర తిరుగుతుంది, సంతోసించు."

సూర్రావు ఎప్పుడూ ఇంతే. శుభమా అని ఏదైనా చెప్పబోతే శాస్త్రం చెబుతాడు.

ఇలా ఉండగా పక్క ఊరి మునిసిపాలిటీ వాళ్ళకు ఒక షీల్డు వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఏ కాలానిదో ఒక కూలిన బురుజు ఉంది. దానికి సున్నం వేయించి, నాలుగు దీపాలు పెట్టి, వారసత్వ పరిరక్షణ అని పేరు పెట్టి షీల్డు కొట్టుకొచ్చారు. మాధవపేట కౌన్సిలుకు కడుపు మండిపోయింది. మనకు బురుజు లేకపోవచ్చు, చరిత్ర లేకపోవడమేమిటి అని సమావేశంలో గట్టిగా తీర్మానించారు. ఊరంతా గాలిస్తే గడియార స్తంభం తప్ప పాతది కనిపించలేదు. దాన్ని పోయిన ఏడే లారీ గుద్దితే కొత్తగా కట్టారు. ఇక మిగిలింది ఎదురుగా ఉన్న మేడ.

వెంటనే పట్టణ వాణిజ్య వారసత్వ పరిరక్షణ మండలి ఒకటి ఏర్పడింది. దానికి అధ్యక్షులు కందర్ప భీమశంకరం గారు. ఆయన జీవితమంతా చేపల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అన్ని చెరువు గట్లు కాపాడినాయనకు నాలుగు గోడలు కాపాడటం ఒక లెక్కా అని కౌన్సిలు ధీమా. ఆయన మెత్తని మనిషే, కోపం రాదు, లంచం ముట్టడు. అయితే ఒక కాగితం మీద ఒక నియమం రాశారంటే, అది తనను పుట్టించిన తండ్రి అన్నంత భక్తి దాని మీద పెంచుకుంటారు.

మండలి మేడను చూడటానికి వచ్చిన రోజున నూకరత్నం అందరికీ మజ్జిగ ఇచ్చింది. భీమశంకరం గారు గోడలు తట్టి చూశారు, దూలాలు తలెత్తి చూశారు, ఆ తర్వాత రోడ్డు మీదికి వచ్చి దారినపోయే వాళ్ళను ఆపి ఈ భవనం పేరేమిటని అడిగారు. అడిగిన ప్రతివాడూ ఒక్కో పేరు చెప్పాడు. వింటున్నకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క చరిత్ర ఉండుటయే గగనం. మీ భవనం ఒక్కదానికే ఇన్ని చరిత్రలున్నవి. దీనిని పరిరక్షించుటకు మండలి కంకణబద్ధమై ఉన్నది" అన్నారు.

నూకరత్నానికి ఆ తెలుగు సగమే అర్థమైంది. కానీ గుమ్మం పక్కన నీలం రంగు పలక ఒకటి కొడతారనీ, దాని మీద మేడ చరిత్ర రాయిస్తారనీ తెలిసి పొంగిపోయింది.

"ఆయ్, పలక మీద మా మర పేరు కూడా ఉంటదాండి?" అని అడిగింది.

"చరిత్ర అనునది గతించిన వాటికి సంబంధించినది" అన్నారు భీమశంకరం గారు ఎంతో దయగా. "మీరింకా గతించలేదు కదమ్మా."

పలక కొట్టారు. సోడా నుంచి టెలిఫోను దాకా అందులో అన్నీ ఉన్నాయి, మర లేదు. పలక వచ్చిన వారానికి ఉత్తర్వు వచ్చింది. వారసత్వ భవనంలో వారసత్వ వ్యాపారమే సాగవలెనని అందులో ఉంది. యజమాని స్వయంగా నిర్వహించవలెననీ, ఇతర వ్యాపారం చేసినచో భవనానికి విద్యుత్తు నిలుపు చేయబడుననీ కూడా ఉంది. కరెంటు లేని పిండి మర అంటే రెండు రాళ్ళు, అంతే.

అయితే ఏ వ్యాపారం సాగాలి? దాని మీద మండలిలో పెద్ద రభస జరిగింది. పెద్ద వయసు సభ్యులు సోడా అన్నారు. నడివయసు వాళ్ళు నాటకాల డ్రెస్సులన్నారు. కుర్ర సభ్యుడొకాయన, ఆయనకూ మనవలున్నారు లెండి, క్యాసెట్ల కోసం పట్టుబట్టాడు. ఎవరి చిన్నతనం వాళ్ళకు చరిత్ర. పకోడీలు అయిపోయాయి, తీర్మానం కాలేదు. చివరికి భీమశంకరం గారే లేచి, ఏ ఒక్క యుగానికీ అన్యాయం జరగరాదని, అన్ని వ్యాపారాలూ వంతులవారీగా నడవాలని తేల్చారు. సోమవారం సోడా, మంగళవారం కంట్రోలు గుడ్డలు, అలా ఒక్కో యుగానికి ఒక్కో రోజు. ఆదివారం చరిత్రకు సెలవు.

నూకరత్నం మునిసిపాలిటీకి వెళ్ళి ఆ ఆదివారమైనా మరకు ఇప్పించమని బతిమాలింది. భీమశంకరం గారు తల అడ్డంగా ఊపి, సెలవు రోజున వ్యాపారం చేయుట చరిత్రకు అపచారం అన్నారు. లాయరు దగ్గరకు వెళితే, కేసు వేద్దాం, తప్పక గెలుస్తాం, అయితే తీర్పు వచ్చేసరికి ఆ కేసు కూడా వారసత్వంలో చేరుతుంది అన్నాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. మేడ ఆమెదే, తాళాలు ఆమె బొడ్లోనే ఉన్నాయి, మర మీట నొక్కే హక్కు మాత్రం లేదు.

చేసేది లేక మొగుడూ పెళ్ళాం చరిత్ర నడపడం మొదలుపెట్టారు.

సోమవారం నాడు గోళీ సోడా సీసాలు వచ్చాయి. సోడా కొట్టబోయే లోపల ఆహార తనిఖీ విభాగం వాళ్ళు వచ్చి, ఈ సీసాల్లో తాగే పదార్థం ఏదీ పోయకూడదని చెప్పి పోయారు. అందుకని ఖాళీ సీసాలే అమ్మమంది మండలి. గ్యాసు లేకపోతే గోళీ నొక్కినప్పుడు ఆ కుయ్యిమనే కూత రాదు. కూత లేని సోడా అప్రామాణికం కనుక, గోళీ నొక్కినప్పుడల్లా యజమాని భర్త ఈల వేయవలెనని మండలి సూచించింది. సూర్రావు ఈల బాగా వేస్తాడు. పిల్లలు చుట్టూ మూగి మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. ఇరవై ఏళ్ళ కాపురంలో మొగుడికి ఈ విద్య ఉందని నూకరత్నానికి ఆ రోజే తెలిసింది.

మంగళవారం ఇంకా బాగుంది. కంట్రోలు డిపో అంటే పెద్ద క్యూ ఉండాలి, లోపల సరుకు ఉండకూడదు. సరుకు లేకుండా చేయడం సులువే. క్యూ కోసం మునిసిపాలిటీ సిబ్బందిని నిలబెట్టారు, అదే డ్యూటీగా రాసుకున్నారు. క్యూలో తగాదా రావడం ఆనాటి ఆనవాయితీ అని పెద్దలు చెబితే, పన్నుల విభాగంలో ఇద్దరు గుమాస్తాలను అందుకు నియమించారు. వాళ్ళిద్దరికీ కుర్చీ విషయంలో పాత కక్ష ఉంది, అందుకని చక్కగా కొట్టుకున్నారు. మధ్యాహ్నం దాకా నిలబెట్టి నూకరత్నం "సరుకైపోయిందండి, రేపు రండి" అని చెప్పాలి. ఆ మాట చెప్పినప్పుడు వాళ్ళ ముఖాల్లో నిజంగానే నిరాశ కనిపించిందని మండలి మెచ్చుకుంది.

సైకిళ్ళ రోజున ఎవరూ రాలేదు. ఊరంతా మోటారు సైకిళ్ళే. ఆదర్శంగా ఉండాలని భీమశంకరం గారే వచ్చి ఒక సైకిలు అద్దెకు అడిగారు. సూర్రావు గోడకు అంటించిన నియమాలు చూపించాడు. తెలిసినవాళ్ళు ఎవరైనా పూచీ ఉంటేనే సైకిలు ఇవ్వాలని అందులో ఉంది, అద్దె సైకిళ్ళ కాలంలో ఎక్కడైనా అదే పద్ధతి. ఆయన బజారంతా తిరిగారు. కిళ్ళీకొట్టాయన, మందుల షాపాయన, వెండికొట్టాయన, అందరూ నమస్కారం పెట్టారు గాని పూచీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మర మూయించిన మనిషికి పూచీ ఇచ్చి ఇంటికెళితే అన్నం ఎవరు పెడతారు? ఆయన నడిచే ఇంటికి వెళ్ళారు. వెళ్ళి, నియమ పాలన కట్టుదిట్టంగా ఉన్నదని నివేదికలో రాశారు.

శనివారం టెలిఫోను. గాజు గదిలో ఫోను పెట్టారు, దానికి లైను లేదు. ఆ రోజుల్లో దూరపు ఊళ్ళకు గట్టిగా అరిచి మాట్లాడేవారు గనుక, ఎవరో ఒకరు లోపల నిలబడి అరవాలి. ఆ పనికి నూకరత్నం గొంతు దేవుడిచ్చిన వరం అన్నారు. ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. ఆమె రిసీవరు చెవికి పెట్టుకుంది. అంతే, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసింది.

"హలో, ఇనపడతందాండి? మా మర ఆపేసేరండి. మా మావగారు పొలం అమ్మి పెట్టిన మరండి. మేవేం తప్పు చేసేవండి? ఎవరికి చెప్పుకోవాలండి? హలో, హలో."

బజారులో బేరాలు ఆగిపోయాయి. పూలమ్మే ఆవిడ కళ్ళొత్తుకుంది. అవతలి వైపు నుంచి సమాధానం రాలేదు, లైను లేదు కదా. భీమశంకరం గారు తలపంకించి, నిర్వహణ అత్యంత సహజంగా ఉన్నదని పుస్తకంలో రాసుకున్నారు.

ఇలా చరిత్ర సాగుతుండగా ఎండలు ముదిరాయి. ఆవకాయల రోజులొచ్చాయి. ఎర్రగా ఎండిన మిరపకాయలు, ఆవాలు డాబాల మీద కరకరలాడుతున్నాయి. మామిడికాయలు బజారులోకి దిగాయి. మామిడికాయ ఉత్తర్వులు చదవదు. కోసి పెట్టుకున్నది నాలుగు రోజులు ఆలస్యమైతే పండిపోతుంది, పండితే పచ్చడికి పనికిరాదు. ఆడవాళ్ళు సంచులు పట్టుకుని రావడం, ఈల వింటూ కాసేపు నిలబడటం, తిరిగిపోవడం మొదలైంది. పొరుగూరి మరకు పంపిద్దామంటే దారిలో ఎవరి కాయలు ఎవరి కాయల్లో కలుస్తాయో అని భయం. పాకెట్ల కారం కొందామంటే, అందులో ఏం కలిపి ఉంటారో అని అంతకంటే పెద్ద భయం.

ఒకరోజు వచ్చిన సంచి శ్యామలాంబ గారిది. ఆవిడ భీమశంకరం గారి ఇల్లాలు.

"నూకరత్నం, ఈ ఒక్కటీ ఆడించి పెట్టు. తలుపేసుకుని ఆడించు, ఎవరికీ చెప్పను" అంది.

"మీరు చెప్పకపోయినా మర చెప్పేత్తదమ్మా" అంది నూకరత్నం. "దాని గొంతు నా గొంతు కంటే పెద్దది. కరెంటు పీకేత్తారు."

శ్యామలాంబ గారు నీలం పలకను పైనుంచి కింది దాకా చదివింది. చదివి ఇంటికి వెళ్ళింది. ఆ రాత్రి భీమశంకరం గారికి కంచంలో పప్పు, నెయ్యి, మజ్జిగ వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా కంచంలో ఆ మూల ఉండే ఎర్రటి ముద్ద రాలేదు. ఆయన చూశారు, అడగలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు అడిగారు. జాడీలు ఖాళీ అని, కాయలు పండుతున్నాయని, చరిత్ర కలుపుకుని తినండని ఆవిడ చెప్పింది.

ఇంతకు ముందే చెప్పినట్టు ఆయన నియమాన్ని మీరే మనిషి కాడు. రాత్రంతా ఉత్తర్వును ముందేసుకుని కూర్చున్నారు. తెల్లవారేసరికి దారి దొరికింది. సూర్రావు గాట్లు పెట్టే ఉలితో సోడా సీసాల పెట్టె ఊడదీస్తుండగా ఆయన మేడకు వచ్చారు, ముఖం కళకళలాడుతోంది.

"అమ్మా, నియమము ప్రకారము మూతపడిన వ్యాపారమే వారసత్వము. మీ మర వారసత్వము కాకపోవుటకు ఏకైక కారణము అది మూతపడలేదు. కనుక మీరు మీ వ్యాపారమును శాశ్వతముగా మూసివేయుచున్నట్లు ఒక అర్జీ పెట్టుకొనుడు. మరుక్షణము మీ మర చరిత్రలో ప్రవేశించును. పలక మీద పేరు కూడా చెక్కించెదము."

"చరిత్రలోకి ఎల్తే మర్నాటి నుంచి తిరగొచ్చాండి?" అని అడిగింది నూకరత్నం.

"తక్కిన వారసత్వ వ్యాపారములతో సమాన హోదా లభించును" అన్నారు ఆయన.

ఆయన వెళ్ళాక ఆమె మొగుడి ముఖం చూసింది. చావకుండా స్వర్గానికి ఎవరూ వెళ్ళలేరు గానీ, వెళ్ళినవాడు తిరిగొచ్చి కారం ఆడించినట్టు తాను వినలేదని సూర్రావు అన్నాడు. ఆమెకు ఆ మాట చెవికెక్కలేదు. వారానికి ఒక రోజైనా మర తిరుగుతుంది, పైగా పేరు వస్తుంది. ఎన్నాళ్ళుగానో అడుగుతున్న పేరు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే అనుకుంది. అర్జీ మీద ఆనందంగా సంతకం చేసేసింది పిచ్చితల్లి.

మూసివేత మహోత్సవం అని కరపత్రాలు వేశారు. గడియార స్తంభం దగ్గర షామియానా వేశారు, మేళం పెట్టారు. మర ఆఖరిసారిగా తిరుగుతుందని విని ఊరి ఆడవాళ్ళంతా సంచులతో సహా దిగారు. అంతిమ చలనము అనే కార్యక్రమంలో మొదటి సంచి అధ్యక్షుల వారి ఇంటిది. సూర్రావు మీట నొక్కాడు. ఇన్ని రోజుల తర్వాత ఆ చప్పుడు వినేసరికి నూకరత్నానికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. అటు భీమశంకరం గారు ప్రసంగం మొదలుపెట్టారు. గాలి షామియానా వైపు తిరిగింది. వేదిక మీదున్న వాళ్ళందరికీ కళ్ళూ ముక్కులూ ధారలు కట్టాయి. మునిసిపల్ చైర్మన్ గారు మాట్లాడలేక రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయారు. మర్నాడు పత్రికలో, ఒక పిండి మర మూతపడినందుకు పాలకులు ఇంతగా విలపించిన ఊరు మరొకటి లేదని రాశారు.

అధ్యక్షుల వారి కారం డబ్బాలోకి చేరగానే మూసివేత ముహూర్తం దాటిపోతోందని ఎవరో చెప్పారు. మర ఆపేశారు. తక్కిన సంచుల సంగతేమిటని ఆడవాళ్ళు గొల్లుమంటే, రేపటి నుంచి ఇది వారసత్వం, అన్నీ సక్రమంగా జరుగునని భీమశంకరం గారు ఓదార్చారు. మర తలుపుకు తాళం వేసి లక్కముద్ర కొట్టారు.

మర్నాడు నూకరత్నం పొద్దున్నే స్నానం చేసి, మరకు పసుపు రాద్దామని పళ్ళెం పట్టుకుని వచ్చింది. తాళం తీసి ఉంది. మర చుట్టూ ఎర్ర మఖమలు తాడు కట్టి ఉంది. తొట్టిలో రంగు వేసిన చెక్క మిరపకాయలు ఉన్నాయి. భీమశంకరం గారు నుంచుని అట్ట ముక్క మీద అక్షరాలు సరిచూస్తున్నారు. వారసత్వ యంత్రమును త్రిప్పరాదు అని ఉంది దాని మీద.

"ఆవేళ తిరుగుతాదన్నారు కదండి" అంది నూకరత్నం.

"తిరుగునని అనలేదమ్మా, ప్రవేశించునని అంటిని. సోడా రోజున సోడా ఉన్నదా? టెలిఫోను రోజున లైను ఉన్నదా? తక్కిన వారసత్వములకు లేని చలనము దీనికెట్లు వచ్చును? తిప్పినచో రాయి అరుగును. అరిగినచో భావితరములకు ఏమి చూపెదము?"

ఆయన మాటలో ఎక్కడా మోసం లేదు. అదే ఆమెకు ఇంకా కష్టంగా అనిపించింది. మోసం చేసిన మనిషినైతే నాలుగు తిట్టి ఉండేది. పసుపు పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఊరంతటికీ వినిపించే గొంతు ఉన్న మనిషి, ఆ రోజు ఏడిస్తే పక్కనున్న సూర్రావుకు కూడా వినిపించలేదు.

మర కోసం చరిత్రకు ఆదివారం సెలవు రద్దు చేశారు. అసలు మర చప్పుడును మూసివేత నాడే రికార్డు చేసి ఉంచారు, ఆదివారం పూట దాన్ని పెట్టెలోంచి వినిపిస్తారు. నూకరత్నం తాడు పక్కన స్టూలు మీద కూర్చోవాలి. పలక మీద కొత్త వరుస చెక్కించారు. ఆ ఏడు షీల్డు మాధవపేటకే వచ్చింది.

బతుకు ఆగదు కదా. ఆమె మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి, సూర్రావు ఎక్కడో మూలపడ్డ పాత మర ఒకటి కొనుక్కొచ్చాడు. రైలు గేటు పక్కన పాత రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నారు. అందులో వెనకటికి ఎవరో బొగ్గులు అమ్మి మానేశారు. రేకు మీద ఎర్ర రంగుతో, ఈసారి మామగారు రాయించిన వాటికంటే పెద్ద అక్షరాలతో, శ్రీ వీరభద్ర పిండి మర అని రాయించారు. మేడలో ఆమె చరిత్ర నడుపుతుంటే ఇక్కడ సూర్రావు మర నడిపాడు. కాయల రోజులు దాటక ముందే ఊరి ఆవకాయ గండం గడిచింది. పొద్దున్నే ఆడవాళ్ళు ఒకరినొకరు కేకేసుకుని సంచులతో బయల్దేరేవారు. "బొగ్గుల కొట్టుకెళ్తున్నా వదినా, కారం ఆడించుకోవాలి, వత్తావా?"

ఒక ఆదివారం నూకరత్నం మేడలో స్టూలు మీద కూర్చుని ఉంది. పెట్టెలోంచి మర చప్పుడు వస్తోంది. ఎదురుగా ఒక ఆటో ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "పిండి మర మేడ. దిగండమ్మా" అన్నాడు.

నూకరత్నం లేచి నిలబడింది. సరిగా విన్నానా అనుకుంది. ఇంతలో కిళ్ళీకొట్టాయన ఎవరికో దారి చెబుతూ, పిండి మర మేడ దాటాక ఎడం చేతి వైపు అన్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. ఆమె గుండె ఒక్కసారి పొంగింది, అంతలోనే ఎవరో పిండేసినట్టయింది. మామగారు ఉండి ఉంటే ఏమనేవాడో ఆమెకు తెలియలేదు.

ఆటోలోంచి దిగిన పిల్ల కొత్తగా కాపురానికి వచ్చినట్టుంది, చేతుల నిండా గాజులున్నాయి. చంకలో మిరపకాయల సంచి ఉంది. తాడును, చెక్క మిరపకాయలను చూసి తికమకపడింది. చప్పుడు వినిపిస్తున్న వైపు తల తిప్పి, తిరగని రాయిని చూసింది.

"అత్తయ్యగారు పంపేరండి. పిండి మర ఇదేనాండి?" అని అడిగింది.

పెట్టెలో చప్పుడు జోరుగా ఉంది. నూకరత్నం గొంతు పెంచింది.

"ఆయ్, పిండి మర ఇదేనమ్మా. కారం ఆడించాలంటే మాత్రం బొగ్గుల కొట్టుకెళ్ళాల."